డ్రై హాపింగ్ తర్వాత పొంగిన సీసాలు: ఒక పేల్ ఏల్ కేసు

కేసు క్లుప్తంగా ఇదీ. ఇంట్లో బీరు కాయడంలో చేయి తిరిగిన ఒక మిత్రుడు 20 లీటర్ల పేల్ ఏల్ (లేత రంగు బీరు) చేశాడు. పులియడం ఆగిందని, ద్రవం సాంద్రత కొలిచే హైడ్రోమీటర్‌తో చూసుకున్నాకే డ్రై హాపింగ్ చేశాడు, అంటే పులిసిన బీరులో మరిగించని హాప్స్ (బీరుకు చేదు, వాసన ఇచ్చే పువ్వులు) వేశాడు. నాలుగు రోజులు ఉంచి సీసాల్లో నింపాడు. రెండో వారంలో తాగితే చాలా బాగుంది. నాలుగో వారానికి మూత తీయగానే నురగ సీసా మెడ దాటి బల్ల మీదికి కారడం మొదలైంది. ఆరో వారంలో అల్మరాలో ఒక సీసా పగిలింది. ముందే ఫ్రిజ్‌లో పెట్టిన కొన్ని సీసాలు పొంగలేదు గానీ, వాటిలో వెన్న వాసన.

"అన్నా, సామానుకి ఏదో పట్టింది. పైపులన్నీ పారేశాను. బీరు పులియబెట్టే ఫెర్మెంటర్ కూడా మార్చేయమంటున్నారు" అన్నాడు ఫోన్‌లో.

సీసా పొంగిందంటే చాలు, శుభ్రత మీద నేరం మోపడం ఈ పనిలో ఉన్నవాళ్లందరికీ అలవాటు. చాలాసార్లు అది నిజమే. కానీ ఈ మనిషి కుళాయి మర విప్పి బ్రష్‌తో తోమే రకం. అందుకే ఇంకేమీ పారేయొద్దని, బ్యాచ్ రాసుకున్న నోటుబుక్కు, పొంగిన సీసాలు రెండు, పొంగనివి రెండు నాకు కావాలని చెప్పాను. అంతకంటే ముందు చేయాల్సిన పని ఇంకొకటి ఉంది.

ముందు సీసాల సంగతి

ఒక సీసా పగిలిందంటే మిగతావన్నీ అదే దారిలో ఉన్నట్టు లెక్క. వాటిని చేత్తో పట్టుకుని చూడకూడదు, ఊపకూడదు, ఎండలోకి తేకూడదు. కళ్లకు రక్షణ అద్దాలు, చేతులకు మందపాటి తోలు గ్లవ్స్, ఒంటికి పొడుగు చేతుల దళసరి చొక్కా ఉండాలి. సీసాల మీద తడి దుప్పటి కప్పి, మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను అలాగే ఫ్రిజ్‌లోకి తోసేయాలి. చల్లబడితే కార్బన్ డయాక్సైడ్ బీరులో ఎక్కువగా కరుగుతుంది, సీసా లోపలి ఒత్తిడి తగ్గుతుంది. 2, 3 డిగ్రీల సెల్సియస్ దగ్గర రెండు రోజులు ఉంచాక ఒక్కో సీసా మూత అంచును ఓపెనర్‌తో కొద్దిగా ఎత్తాలి. 'సుయ్' మంటుంది. నురగ మెడ దాకా వస్తే వదిలేసి అది దిగేదాకా ఆగాలి, మళ్లీ ఎత్తాలి. సుయ్‌మనడం ఆగాక కొత్త మూత బిగించాలి. మా వాడు ఇదంతా ఓపిగ్గా చేశాడు. కొన్ని సీసాలకు రెండుసార్లు గాలి తీయాల్సి వచ్చింది. అందులోంచి నా కోసం అడిగిన సీసాలను మాత్రం మూత కదపకుండా, చల్లగానే ఉంచమన్నాను.

నోటుబుక్కులో ఉన్నది

4.5 కిలోల పేల్ మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ), 400 గ్రాముల క్రిస్టల్ మాల్ట్. మాష్, అంటే మాల్ట్‌ను వేడి నీటిలో నానబెట్టడం, 69 డిగ్రీల దగ్గర గంటసేపు. ఆ 69 కావాలని పెట్టుకున్నదే, బీరుకు నోట్లో కాస్త నిండుదనం ఉండాలని. మరిగించడం 60 నిమిషాలు. చేదు కోసం మొదట్లో 10 శాతం ఆల్ఫా యాసిడ్ ఉన్న హాప్స్ 20 గ్రాములు, చివరి 10 నిమిషాలకు కాస్కేడ్ రకం హాప్స్ 30 గ్రాములు. ఫెర్మెంటర్‌లోకి 20 లీటర్ల వోర్ట్ (ఇంకా పులియని మాల్ట్ రసం), గ్రావిటీ 1.052. గ్రావిటీ అంటే నీటితో పోల్చిన సాంద్రత, ఈస్ట్ చక్కెర తినేకొద్దీ దిగుతుంది. అమెరికన్ ఏల్ డ్రై ఈస్ట్ 11.5 గ్రాముల ప్యాకెట్ ఒకటి, 18 డిగ్రీల దగ్గర.

నాలుగో రోజు 1.017. ఎనిమిదో రోజు 1.014. పదో రోజు కూడా 1.014. అదే రోజు, హాప్స్ వేసే ముందు, రెండు లీటర్లు విడిగా తీసి నాలుగు అర లీటరు సీసాల్లో పట్టాడు. హాప్స్ వేయని రుచి ఎలా ఉంటుందో పోల్చి చూసుకోవాలని అతని సరదా. మిగిలిన 18 లీటర్లలో 108 గ్రాముల కాస్కేడ్ పెల్లెట్లు (పొడి చేసి నొక్కిన హాప్స్ గుళికలు), లీటరుకు 6 గ్రాముల లెక్కన, 20 డిగ్రీల దగ్గర నాలుగు రోజులు. పద్నాలుగో రోజు లీటరుకు 6 గ్రాముల చక్కెర కరిగించి కలిపి, సీసాల్లోకి. ఆ నాలుగు విడి సీసాలకూ లీటరుకు అదే 6 గ్రాములు. సీసాలన్నీ 25 డిగ్రీల దగ్గర ఉండే గదిలో.

పద్నాలుగో రోజు గడిలో గ్రావిటీ రాయలేదు. పదో రోజే ఆగిపోయింది కదా, మళ్లీ చూడటం ఎందుకని అనుకున్నాడు. ఎవరైనా అలాగే అనుకుంటారు. రెండు రీడింగులు ఒకేలా వస్తే పులియడం ముగిసినట్టేనని మొదటి పాఠంలోనే చెబుతారు మరి.

ఎవరిమీద అనుమానం

సీసా పొంగడానికి మామూలుగా నాలుగు కారణాలు. చక్కెర ఎక్కువ పడటం, పులియడం పూర్తికాకముందే మూత బిగించడం, బయటి సూక్ష్మజీవి చొరబడటం, డ్రై హాప్స్ వల్ల పులియడం మళ్లీ మొదలవడం. నాలుగోది చాలామందికి తట్టదు.

చక్కెర లెక్క తేలిగ్గానే తేలింది. లీటరు బీరులో ఎన్ని లీటర్ల వాయువు కరిగి ఉందో దాన్ని వాల్యూమ్ అంటారు. 20 డిగ్రీల దగ్గర పులిసిన బీరులో అప్పటికే సుమారు 0.85 వాల్యూమ్ ఉంటుంది. లీటరుకు 6 గ్రాముల చక్కెర మరో 1.5 చిల్లర ఇస్తుంది. మొత్తం 2.4. పేల్ ఏల్‌కు సరిగ్గా సరిపోయే మోతాదు. చక్కెర సరిగా కలవకపోతే కొన్ని సీసాలు పొంగుతాయి, కొన్ని చప్పగా ఉంటాయి. ఇక్కడ గదిలో ఉన్న హాప్స్ బీరు సీసాలన్నీ ఒకేలా పొంగాయి. కాబట్టి తప్పు గరిటెలో లేదు, మొత్తం బీరులోనే ఉంది.

తర్వాత, పొంగిన బీరు గ్రావిటీ. ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. గ్యాస్ ఉన్న బీరులో హైడ్రోమీటర్ వేస్తే బుడగలు దానికి అంటుకుని పైకి లేపుతాయి, రీడింగు ఎక్కువ చూపిస్తుంది. అందుకని ఒక గ్లాసులోంచి ఇంకో గ్లాసులోకి చాలాసార్లు పోసి, కాసేపు వదిలేసి, 20 డిగ్రీలకు వచ్చాక చూశాను. హైడ్రోమీటర్‌ను డిస్టిల్డ్ నీటిలో వేసి 1.000 చూపిస్తోందో లేదో కూడా సరిచూశాను. కాంతి వంగే తీరును బట్టి చక్కెర కొలిచే రిఫ్రాక్టోమీటర్ ఇక్కడ పనికిరాదు, ఆల్కహాల్ ఉంటే అది సవరణ లేకుండా చూపించేది వట్టి మాటే.

పొంగిన రెండు సీసాలూ 1.008. పదో రోజున ఆగిన చోటు 1.014. ఆరు పాయింట్లు (0.001 ఒక పాయింటు) ఎక్కడికో పోయాయి.

ఈస్ట్ తిన్న ప్రతి గ్రావిటీ పాయింటుకు సుమారు అర వాల్యూమ్ గ్యాస్ పుడుతుంది. ఈ ఆరు పాయింట్లలో కొన్ని హాప్స్ వేసిన నాలుగు రోజుల్లో ఫెర్మెంటర్‌లోనే పోయి ఉంటాయి, ఆ గ్యాస్ ఎయిర్‌లాక్‌లోంచి (గ్యాస్‌ను వదిలి బయటి గాలిని రానివ్వని బిరడా) బయటికి వెళ్లిపోయి ఉంటుంది. నాలుగు పాయింట్లు మూత బిగించాక జరిగాయనుకున్నా రెండు వాల్యూమ్‌లు అదనం. 2.4కు ఇవి కలిస్తే 4.4. మామూలు బీరు సీసా తట్టుకునేది కాదిది. అంత ఒత్తిడికి దళసరి గాజు సీసాలు కావాలి.

ఇక సూక్ష్మజీవి. పొంగిన సీసాలో పులుపు లేదు. పీహెచ్ 4.5, హాప్స్ బాగా పడిన బీరుకు మామూలే. మెడ దగ్గర బీరు మట్టానికి తెల్లటి వలయం లేదు, పైన పొర లేదు, జిగురు లేదు. లవంగం వాసన లేదు. వైల్డ్ ఈస్ట్‌కు, ముఖ్యంగా డయాస్టాటికస్ రకానికి, ఆ లవంగం వాసన తరచుగా తోడొస్తుంది. ఆ డయాస్టాటికస్ గురించి కొంచెం చెప్పాలి, ఎందుకంటే పైకి కనిపించే లక్షణాలు ఇవే. అది కూడా ఈస్టే. మామూలు ఈస్ట్ ముట్టని డెక్స్ట్రిన్లను (పిండిపదార్థపు పొడుగాటి గొలుసులను) విడగొట్టే ఎంజైమును అది తనే విడుదల చేస్తుంది, వారాల తరబడి నెమ్మదిగా తింటూ పోతుంది. సీసాలు పేలతాయి. రుచి పెద్దగా చెడకపోవచ్చు కూడా. కాబట్టి వాసన లేదు కనుక అది కాదు అని తేల్చేయడం కుదరదు.

అప్పుడు పనికొచ్చాయి ఆ నాలుగు విడి సీసాలు. ఒకటి తెప్పించి మూత తీశాను. పొంగలేదు. నురగ చక్కగా వేలు మందాన నిలిచింది. గ్యాస్ తీసి చూస్తే 1.014. అదే వోర్ట్, అదే ఈస్ట్, అదే చక్కెర మోతాదు, అదే గది, అన్ని వారాలు. ఈస్ట్ ప్యాకెట్‌లోనో ఫెర్మెంటర్‌లోనో డయాస్టాటికస్ ఉండి ఉంటే ఇదీ దిగజారి ఉండేది. పదో రోజు నాటికి పులియడం నిజంగానే ముగిసిందని కూడా ఇదే సాక్ష్యం. అంటే రెండో కారణం కూడా కొట్టుకుపోయింది.

తేడా ఒక్కటే, హాప్స్. కానీ హాప్స్‌తో పాటు ఏదైనా క్రిమి వచ్చి ఉంటే? హాప్స్ వేసేటప్పుడు తెరిచిన మూత, పెల్లెట్లు పెట్టిన సంచి, నింపడానికి వాడిన పైపు, ఇవన్నీ పదో రోజు తర్వాతివే. ఈ ప్రశ్నకు సమాధానం ఊహించి చెప్పదలచుకోలేదు.

మూడు జాడీలు

విడి సీసాలు ఇంకా మూడు మిగిలాయి. మూడింటినీ తెరిచి, గ్యాస్ పోగొట్టి, శుభ్రం చేసిన మూడు గాజు జాడీల్లో పోశాను. మూడింటిలోనూ చిటికెడు తాజా డ్రై ఈస్ట్ వేశాను, ఈస్ట్ లేక ఆగిందన్న వాదన రాకుండా.

మొదటి జాడీలో 50 మిల్లీలీటర్ల మరిగించి చల్లార్చిన నీళ్లు మాత్రమే. రెండో దాంట్లో అవే నీళ్లు, వాటితో పాటు మిత్రుడి దగ్గర మిగిలిన అదే ప్యాకెట్‌లోని కాస్కేడ్ పెల్లెట్లు 3 గ్రాములు, పచ్చిగా. మూడో దాంట్లోనూ అదే 3 గ్రాములు, కానీ ఆ పెల్లెట్లను నీటిలో వేసి పది నిమిషాలు మరిగించి, చల్లార్చి, ఆవిరైన నీటిని 50 మిల్లీలీటర్లకు సరిచేసి, గుజ్జుతో సహా పోశాను. మరిగిస్తే క్రిమి చస్తుంది, ఎంజైము కూడా పాడవుతుంది. మిగతావన్నీ సమానం. జాడీల మూతలు వదులుగా పెట్టి 25 డిగ్రీల దగ్గర ఉంచాను. నీళ్లు కలిశాయి కాబట్టి 1.014 కాస్తా మొదట్లోనే 1.013కు దిగింది.

మొదటి జాడీ చివరిదాకా 1.013. మూడో జాడీ కూడా 1.013, గుజ్జు అడుగుకు చేరి బీరు తేటపడింది. పచ్చి హాప్స్ ఉన్న జాడీలో మాత్రం రెండో రోజు నుంచే అంచు వెంట సన్నటి బుడగల గొలుసు కనిపించింది. ఆరో రోజుకు 1.009, పదో రోజుకు 1.008, ఆ తర్వాత ఆగింది. వాసనలో పులుపు లేదు, లవంగం లేదు. రెండో వారం చివర పీహెచ్ కూడా మారలేదు.

పచ్చి హాప్స్‌తో పాటు వైల్డ్ ఈస్ట్ వచ్చే అవకాశం ఈ పరీక్షతో నూటికి నూరుపాళ్లు పోదు. పోగొట్టాలంటే ల్యాబ్‌లో ప్లేట్ల మీద పెంచి చూడాలి. కానీ పట్టుమని పది రోజుల్లో ఇంత దిగి, ఒక చోట నిక్కచ్చిగా ఆగడం బయటి క్రిమి లక్షణం కాదు. అది వారాల తరబడి నెమ్మదిగా పాకుతుంది. నా మటుకు కేసు ఇక్కడే తేలిపోయింది.

హాప్స్ ఏం చేశాయి

మాల్ట్‌లోని పిండిపదార్థాన్ని మాష్‌లో ఎంజైములు చక్కెరలుగా విడగొడతాయి. 60 నుంచి 65 డిగ్రీల మధ్య బీటా అమైలేజ్ చురుగ్గా ఉంటుంది, ఈస్ట్ తినగలిగే మాల్టోజ్ ఎక్కువ వస్తుంది. 69 దగ్గర ఆ ఎంజైము త్వరగా నీరసిస్తుంది, ఆల్ఫా అమైలేజ్ ఒంటరిగా పనిచేస్తుంది. పొడుగాటి డెక్స్ట్రిన్ గొలుసులు మిగిలిపోతాయి. ఈస్ట్ వాటిని తినలేదు. బీరుకు నిండుదనం వచ్చేది వాటి వల్ల కూడా. వోర్ట్ మరిగించగానే మాల్ట్ ఎంజైములన్నీ పాడైపోతాయి కాబట్టి ఆ డెక్స్ట్రిన్లు ఇక శాశ్వతమని మనం అనుకుంటాం.

హాప్స్ పువ్వులోనూ అవే ఎంజైములు ఉన్నాయి. ఆల్ఫా అమైలేజ్, బీటా అమైలేజ్, అమైలోగ్లూకోసిడేజ్, లిమిట్ డెక్స్ట్రినేజ్. మోతాదు చాలా తక్కువ, కానీ ఉన్నాయి. హాప్స్‌ను ఆరబెట్టేది 60 డిగ్రీల అటూ ఇటూ వేడిలో కాబట్టి అవి బతికిపోతాయి, పెల్లెట్‌గా నొక్కినా బతుకుతాయి. మరిగేటప్పుడు వేసే హాప్స్‌తో బెడద లేదు. డ్రై హాప్స్‌ను ఎవరూ మరిగించరు. అవి బీరులోకి దిగగానే ఎంజైములు కరిగి, డెక్స్ట్రిన్లను ముక్కలు చేసి మళ్లీ తినే చక్కెరలుగా మారుస్తాయి. అడుగున నిద్రపోతున్న ఈస్ట్ లేచి పని మొదలుపెడుతుంది. దీన్ని ఇప్పుడు హాప్ క్రీప్ అంటున్నారు.

ఇది కొత్త సంగతి కాదు. 1893లోనే ఇంగ్లండ్‌లో హొరేస్ బ్రౌన్, మోరిస్ అనే రసాయన శాస్త్రవేత్తలు, పీపాలో హాప్స్ వేసిన ఏల్ మళ్లీ ఎందుకు పులుస్తోందో పరిశోధించి, హాప్స్‌లోని డయాస్టేజే (పిండిని చక్కెరగా విడగొట్టే ఎంజైమే) కారణమని ప్రకటించారు. ఆ తర్వాత ఆ కాగితం మీద దుమ్ము పేరుకుంది. హాప్స్ గుప్పిళ్లతో గుమ్మరించే ఐపీఏ రకం ఏల్‌ల కాలం వచ్చి బ్రూవరీల్లో డబ్బాలు ఉబ్బడం మొదలయ్యాక మళ్లీ తిరగేశారు. 2018లో ఒరెగాన్ స్టేట్ యూనివర్సిటీ పరిశోధకులు కాస్కేడ్ హాప్స్‌లోనే ఈ ఎంజైములను చూపించారు. మా వాడు వాడింది కూడా కాస్కేడే కావడం కాకతాళీయం, అన్ని రకాల్లోనూ ఎంతో కొంత ఉంటాయి.

ఈ కేసులో నాకు ముఖ్యంగా కనిపించింది 69 డిగ్రీల మాష్. నిండుదనం కోసం డెక్స్ట్రిన్లు ఎక్కువ మిగిల్చాడు, ఆ తర్వాత లీటరుకు 6 గ్రాముల చొప్పున వాటిని కోసే ఎంజైములను తనే తెచ్చి వేశాడు. రెండు నిర్ణయాలూ విడివిడిగా తప్పు కావు. కలిసినప్పుడు మాత్రం ఒకటి రెండోదానికి మేత అవుతుంది. బీరు కూడా అనుకున్నట్టు నిండుగా రాలేదు. 1.014 దగ్గర 5 శాతం ఆల్కహాల్ ఉండాల్సింది 1.008కు వచ్చేసరికి 5.8 అయింది, రుచి పలచబడింది.

ఎయిర్‌లాక్ బుడగలు ఎందుకు పట్టివ్వలేదని అడిగాను. పట్టిచ్చాయట. హాప్స్ వేశాక బుడగలు వచ్చాయి, కానీ అది కరిగి ఉన్న గ్యాస్ పెల్లెట్ల పొడి తగిలి బయటపడటమే అనుకున్నాడు. వేసిన మొదటి గంటల్లో వచ్చేది నిజంగా అదే. ఒక్కోసారి నురగ మూత దాకా ఎగదన్నుతుంది కూడా. మర్నాడు, ఆ మర్నాడు కూడా నింపాదిగా బుడగ వస్తుంటే మాత్రం దాని అర్థం వేరు. అయినా బుడగల్ని నమ్మి ఏదీ తేల్చుకోకూడదు. మూత కొంచెం వదులైతే అసలే రావు, గది వేడెక్కితే ఊరికే వస్తాయి.

వెన్న వాసన కథ

ఫ్రిజ్‌లోవి పొంగలేదు, వెన్న వాసన వచ్చింది. గదిలోవి పొంగాయి, ఆ వాసన లేదు. మిత్రుడికి ఇది రెండు వేర్వేరు జబ్బులుగా కనిపించింది. నిజానికి రెండూ ఒకటే.

ఈస్ట్ పెరిగే ప్రతిసారీ ఆల్ఫా అసిటోలాక్టేట్ అనే పదార్థాన్ని బయటికి వదులుతుంది. దానికి వాసన లేదు. అది బీరులో నెమ్మదిగా డయాసిటైల్‌గా మారుతుంది. వెన్న వాసన ఈ డయాసిటైల్‌దే. వెచ్చగా ఉండి, ఈస్ట్ చురుగ్గా ఉంటే దాన్ని మళ్లీ లోపలికి తీసుకుని వాసన లేనిదిగా మార్చేస్తుంది. హాప్స్ వల్ల ఈస్ట్ రెండోసారి లేచినప్పుడు ఈ సరుకు కూడా రెండోసారి తయారైంది. గదిలో ఉన్న సీసాల్లో ఈస్ట్ తన చెత్త తనే ఊడ్చుకుంది. రెండో వారంలో ఫ్రిజ్‌లోకి వెళ్లిన సీసాల్లో ఈస్ట్ మధ్యలోనే నిద్రపోయింది, మిగిలిన అసిటోలాక్టేట్ మాత్రం తన మానాన తను మారుతూ పోయింది. అందుకే రెండో వారంలో బాగున్న బీరే ఆరో వారంలో వెన్నలా కొట్టింది.

పులుపు, జిగురు లేకుండా వెన్న వాసన ఒక్కటే ఉంటే బీరును చెడగొట్టి వెన్న వాసన తెచ్చే పెడియోకాకస్ అనే బ్యాక్టీరియా పేరు నేను ఎత్తను.

సీసాల్లో పట్టడానికి ముందే దీన్ని పసిగట్టే ఇంటి పరీక్ష ఒకటుంది. రెండు చిన్న గ్లాసుల్లో బీరు తీసుకోవాలి. ఒకదాన్ని మూతేసి 60 నుంచి 65 డిగ్రీల వేడి నీటిలో అరగంట ఉంచాలి, తర్వాత గది వేడికి చల్లార్చాలి. రెండోదాన్ని అలాగే వదిలేయాలి. రెండూ పక్కపక్కన పెట్టి వాసన చూడాలి. వేడి చేసిన దాంట్లోనే వెన్న వాసన వస్తే అసిటోలాక్టేట్ ఇంకా మిగిలి ఉందని అర్థం. ఇంకో రెండు మూడు రోజులు వెచ్చగా ఉంచి మళ్లీ చూడాలి. రెండింటిలోనూ లేకపోతేనే చల్లార్చాలి. బీరు పాతబడితే బిస్కెట్ వాసన లాంటిది వస్తుంది, దాన్ని దీనితో కలగలపకండి.

తర్వాతి బ్యాచ్

అతను అదే బీరు మళ్లీ చేశాడు, నేను పక్కనుండి సలహా ఇచ్చాను. మార్పులు ఎక్కువ చేయొద్దన్నాను. అన్నీ ఒకేసారి మారిస్తే ఏది పనిచేసిందో తెలియదు.

మాష్ 66 డిగ్రీలకు దింపాడు. హాప్స్ లీటరుకు 6 గ్రాముల నుంచి 4కు. ఇవి రెండూ అతనికి నచ్చలేదు, వాసన తగ్గుతుందని గొణిగాడు. నాకైతే లీటరుకు 4 గ్రాములు పేల్ ఏల్‌కు చాలు. ఎక్కువ వేసినకొద్దీ గడ్డి రుచి, నాలుక మీద వగరు పెరుగుతాయి. వాసన మాత్రం అదే లెక్కన పెరగదు.

హాప్స్ వేసే సమయాన్ని ముందుకు జరిపాం. మొదటి గ్రావిటీ 1.050. నాలుగో రోజు 1.016 దగ్గర, ఈస్ట్ ఇంకా ఊపు మీద ఉన్నప్పుడే, గుడ్డ సంచిలో స్టీలు బరువు పెట్టి హాప్స్ వేశాడు. వేడి 18 నుంచి 20కి పెంచాడు. ఈస్ట్ మెలకువగా ఉండటం వల్ల హాప్స్‌తో పాటు చొరబడిన ఆక్సిజన్‌ను కూడా అదే వాడేసుకుంటుంది, ఇది అదనపు లాభం. నష్టమూ ఉంది. ఎగసే గ్యాస్‌తో కొంత పరిమళం బయటికి పోతుంది.

మూడు రోజులకు సంచి తీసేశాడు. ఇక్కడ చాలామంది పొరపడతారు. హాప్స్ తీసేస్తే ఎంజైము పోదు. అది అప్పటికే బీరులో కరిగిపోయింది, ఈస్ట్ ఉన్నంతసేపు, మేత ఉన్నంతసేపు పని సాగుతూనే ఉంటుంది. చల్లదనం దాన్ని నెమ్మదింపజేస్తుంది అంతే, ఆపదు. సీసా మళ్లీ గదిలోకి రాగానే అది మళ్లీ మొదలవుతుంది.

ఎక్కడ ఆగుతుందో ముందే తెలుసుకోవడానికి ఒక చిన్న ఏర్పాటు చేశాం. హాప్స్ వేసిన రోజే ఫెర్మెంటర్‌లోంచి 300 మిల్లీలీటర్లు ఒక జాడీలోకి తీసి, 1.2 గ్రాముల హాప్స్, చిటికెడు ఈస్ట్ వేసి 25 డిగ్రీల దగ్గర పెట్టాడు. రోజుకు రెండుసార్లు కదిపాడు. వెచ్చగా, కదుపుతూ, ఈస్ట్ ఎక్కువగా ఉంటే అది పెద్ద ఫెర్మెంటర్ కంటే ముందే గమ్యం చేరుతుంది. జాడీ 1.008 దగ్గర ఆగింది. అంటే ఫెర్మెంటర్ కూడా అక్కడిదాకా రావాలి, అంతకు ముందు ఎన్ని రోజులు ఒకే రీడింగు వచ్చినా నమ్మకూడదు. నిజంగానే ఫెర్మెంటర్ పదో రోజున 1.009 చూపించింది, పదకొండో రోజు కూడా అదే. జాడీ లేకపోతే అప్పుడే సీసాల్లో పట్టేసేవాడే. పన్నెండో రోజు 1.008కి వచ్చి, పదిహేనో రోజుదాకా కదల్లేదు. వేడినీటి పరీక్షలో వెన్న వాసన లేదు. అప్పుడు 2 డిగ్రీలకు చల్లార్చి, రెండు రోజులు తేటపడనిచ్చి, లీటరుకు అదే 6 గ్రాముల చక్కెరతో నింపాడు.

గాజు సీసాలతో పాటు ఒక ప్లాస్టిక్ సోడా సీసాలో కూడా అదే బీరు పట్టమన్నాను. వేలితో నొక్కితే లోపలి ఒత్తిడి తెలిసిపోతుంది. గట్టిపడ్డాక కూడా ఇంకా ఇంకా బిగుస్తుంటే గాజు సీసాలన్నీ వెంటనే ఫ్రిజ్‌లోకి పోవాలి. ఈసారి రెండు వారాలకు గట్టిపడి అక్కడే నిలిచింది. పదో వారంలో ఒక గాజు సీసా తెరిచి గ్యాస్ తీసి కొలిచాడు, 1.008. నురగ మెడ దాటలేదు.

మిత్రుడి ఫిర్యాదు ఒకటి మిగిలింది, బీరు పలచగా ఉందని. నిజమే, ఉంది. మాష్ వేడి మళ్లీ పెంచుతానన్నాడు. వద్దన్నాను. అప్పుడు మిగిలే డెక్స్ట్రిన్లు కూడా ఆ ఎంజైములకే పోతాయి, ఆల్కహాల్ ఇంకాస్త పెరుగుతుంది, పలచదనం అలాగే ఉంటుంది. నీటిలో సల్ఫేట్ తగ్గించి క్లోరైడ్ పెంచడం, కొంచెం ఓట్స్ చేర్చడం మేలు. లేదా హాప్స్‌లో కొంత భాగాన్ని మంట ఆపాక, వోర్ట్ 80 డిగ్రీలకు దిగాక వేసి ఇరవై నిమిషాలు నాననిస్తే సరి. ఆ వేడికి ఎంజైములు త్వరగానే చతికిలబడతాయి, పరిమళం మాత్రం చాలావరకు నిలుస్తుంది. అప్పుడు డ్రై హాప్స్ లీటరుకు 2 గ్రాములకు దించినా లోటు తెలియదు. సీసాలు కాకుండా కెగ్‌లో (లోహపు పీపాలో) పట్టి మొదటి నుంచి చివరిదాకా చల్లగా ఉంచేవాళ్లకు పేలుడు భయం లేదు గానీ, వెన్న వాసన భయం ఉంది, ఆ వేడినీటి పరీక్ష వాళ్లు మానకూడదు. ఇక ఒకే పేరున్న హాప్స్‌లో కూడా ఈ ఎంజైముల బలం పంటను బట్టి, ఆరబెట్టిన తీరును బట్టి మారుతుంది. కొత్త ప్యాకెట్ తెరిచిన ప్రతిసారీ ఆ 300 మిల్లీలీటర్ల జాడీ పెట్టుకోవాలి, పాత బ్యాచ్ అంకె కొత్తదానికి పనికిరాదు.